పై వ్యక్తికి ఎట్టి మచ్చలు లేవు

రేవుపాలెం పురపాలక సంఘంవారి వస్త్ర ప్రక్షాళన కేంద్రంలో మొదట్లో బట్టలు ఉతికేవారు. ఈ మాట ఇప్పుడు చెబితే ఊళ్ళో సగం మంది నవ్వుతారు, మిగతా సగం మంది చెప్పినవాడి మీద ఫిర్యాదు చేస్తారు. కానీ నిజం. కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

కేంద్రం అంటే పెద్ద భవనమేమీ కాదు. ప్రసూతి ఆసుపత్రి గేటుకు ఎదురుగా, మందుల దుకాణానికీ మూతబడ్డ సోడా ఫ్యాక్టరీకీ మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో మూడు యంత్రాలు. బట్టలు పడేసి మీట నొక్కితే ఉతికి, పిండి, ఆరబెట్టి, వెచ్చగా చేతికిస్తాయి. ఆ షెడ్డు తాళాలు గుబ్బల నూకరత్నం కొంగున ఉండేవి. ఆవిడ పురపాలక సంఘంలో తాత్కాలిక ఉద్యోగి. పదిహేనేళ్ళుగా తాత్కాలికమే.

షెడ్డు అక్కడే ఎందుకు వెలిసిందంటే, నూకరత్నం దాన్ని ఇంకోచోట పడనివ్వలేదు గనక. ఆవిడ కూతురు సత్యవేణి ఆ ఎదురాసుపత్రిలోనే పుట్టింది. ముసురు రోజులు. ఉతికిన పొత్తిగుడ్డలు ఎక్కడా ఆరక, చెమ్మ గుడ్డల్లోనే చుట్టేసరికి పసిదానికి తొడల నిండా పొక్కులు లేచి, అది ఏడ్చిన ఏడుపు నూకరత్నం చెవుల్లోంచి ఇవాళ్టికీ పోలేదు. అందుకని యంత్రాలు వస్తున్నాయని తెలియగానే కనపడిన ప్రతి అధికారి చుట్టూ తిరిగి, కాళ్ళా వేళ్ళా పడి, చెవిలో జోరీగలా పోరి, వాటిని ఆసుపత్రి ఎదురుగా పెట్టించింది. బాలింతల తల్లులూ అత్తలూ మూటలు తెచ్చేవారు. యంత్రం తిరుగుతున్నంతసేపూ గోడకి జారబడి కునుకు తీసేవారు. మూట తీసుకుని వెళ్ళిపోయేవారు. కథ అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పుడొచ్చింది అనుబంధ ఆదాయ ఉత్తర్వు.

ప్రతి పురపాలక సదుపాయమూ తాను చేసే పనితో తృప్తి పడకుండా, చెయ్యని పనుల ద్వారా కూడా ఆదాయం సంపాదించాలన్నది దాని సారాంశం. పార్కులు పెళ్ళిళ్ళు చెయ్యాలి, గ్రంథాలయం ఊరగాయలు అమ్మాలి, శ్మశానం సైతం ఖాళీ వేళల్లో ఏదైనా ఆలోచించాలి. ఆ ఉత్తర్వు మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళి మెడలో కొత్త బిళ్ళతో తిరిగొచ్చిన కమిషనరుగారు తిన్నగా రేకుల షెడ్డుకు వచ్చారు. వెనకాల హెడ్ గుమస్తా త్రయంబకం. ఆయన చంకలో ఎప్పుడూ ఒక ఫైలు ఉంటుంది. అది ఏ ఫైలన్నది ముఖ్యం కాదు.

"చూడమ్మా నూకరత్నం," అన్నారు కమిషనరుగారు. "ఉతుకుడు అనేది ఏకముఖ కార్యకలాపం. మనం బహుముఖంగా విస్తరించాలి. ఒక పౌరుడు బట్టలు యంత్రంలో వేసి ముప్పావుగంట ఊరికే కూర్చుంటున్నాడు. ఆ ముప్పావుగంట ఎవరిది?"

"ఆడిదేనండి," అంది నూకరత్నం.

"కాదు. పురపాలక సంఘానిది. మన ఆవరణలో, మన పంకా కింద గడుస్తోంది కాబట్టి మన ఆస్తి. దాన్ని మనం వృథా పోనిస్తున్నాం."

"కూర్చునేది బాలింతల అమ్మలండి బాబూ. ఊరికే కూర్చోరండి, కునుకు తీత్తారండి. రాత్రంతా పిల్ల ఏడుత్తానే ఉంటాది గదండి మరి."

కమిషనరుగారు త్రయంబకం వైపు తిరిగారు. "కునుకుకు రుసుము విధించే అవకాశం ఉందేమో పరిశీలించండి."

త్రయంబకం పరిశీలించాడు. కునుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ధారించే అధికారి లేనందున ఆ ప్రతిపాదన వీగిపోయింది గానీ, మిగతావి వరసగా వచ్చేశాయి. మొదట టీ. తర్వాత జిరాక్సు. తర్వాత బరువు తూచే యంత్రం. బాలింతల తల్లులు టీ ఇంటినుంచి తెచ్చుకునేవారు, వాళ్ళ దగ్గర జిరాక్సు తీయించుకోవలసినవేవీ ఉండేవి కావు, బరువు సంగతి ఎవరూ తెలుసుకోదలచలేదు. ఒక ముసలమ్మ మాత్రం బరువు యంత్రం మీద మూట పెట్టి, దాని మీద తల పెట్టి పడుకుంది. అనుబంధ ఆదాయం పట్టికలో వస్త్ర ప్రక్షాళన కేంద్రం ఊరగాయల గ్రంథాలయం కన్నా కింద పడింది. కమిషనరుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని త్రయంబకం అందరికీ చెప్పాడు.

ఈ గొడవలో ఉండగానే ఒక వకీలు గుమస్తా వచ్చి, తన చొక్కా మీద మరక మీ యంత్రంలోనే పడిందని రభస చేశాడు. అది వక్కాకు మరకేనని వాసన చూసినవాళ్ళంతా అన్నారు. అయినా త్రయంబకం ఊరుకోలేదు. ఇకమీదట బట్టలు తీసుకెళ్ళే ప్రతివాళ్ళకూ మచ్చలు లేవని ఒక చీటీ ఇచ్చి పంపాలన్నాడు. చీటీ మీద వెయ్యడానికి ముద్ర కావాలి. ముద్ర మీద ఉండవలసిన వాక్యాన్ని ఆయనే స్వయంగా రచించాడు.

"పై వ్యక్తికి చెందిన వస్త్రములను క్షుణ్ణముగా పరిశీలించగా వాటిపై ఎట్టి మచ్చలు లేవని ధ్రువీకరించడమైనది."

రబ్బరు ముద్రలు చేసే అబ్దుల్ రజాక్ ఆ వాక్యాన్ని కొలిచి చూసి పెదవి విరిచాడు. "పట్టదండి. పెద్ద సైజు చెయ్యాలి."

పెద్ద సైజు అంటే పెద్ద ఖర్చు. పెద్ద ఖర్చుకు పైనుంచి మంజూరు రావాలి. మంజూరు వచ్చేలోగా త్రయంబకానికి పదవీ విరమణ వస్తుంది. ఆయన కలం తీసి ఒకటి రెండు మాటలు కొట్టేశాడు. "వస్త్రములు" పోయాయి. వాటితోపాటు "వాటిపై" పోయింది. మిగిలిన వాక్యం ముద్రలో చక్కగా ఇమిడిపోయింది.

"పై వ్యక్తిని క్షుణ్ణముగా పరిశీలించగా ఎట్టి మచ్చలు లేవని ధ్రువీకరించడమైనది."

నూకరత్నం ఏడో తరగతి దాకా చదువుకుంది. ముద్ర వేసి చూసి, "బట్టల మాట లేదేంటండీ ఇందులో?" అంది.

"పూర్తి వాక్యం ఫైల్లో ఉందమ్మా," అన్నాడు త్రయంబకం. "ముద్రలో సారాంశం ఉంటే చాలు."

పురపాలక సంఘం గుండ్రటి గుర్తు కింద ఆ సారాంశం నీలం సిరాలో నిగనిగలాడుతూ వారం రోజులు జనం చేతుల్లోకి వెళ్ళింది. బాలింతల తల్లులు ఆ చీటీలను మడిచి పాలసీసాల మూతల్లో పెట్టుకున్నారు. ఎవరూ చదవలేదు. చదివిన మొదటివాడు సుబ్బారాయుడు.

సుబ్బారాయుడు గుత్తేదారు. ఆయన కట్టిన కల్వర్టు ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు, ఎవరూ ఎక్కకుండానే, తనంతట తనే కూలిపోయింది. అప్పటినుంచి ఆయనకు ఏ శాఖలోనూ పని ఇవ్వడం లేదు. నడవడి బాగుందని ఎవరైనా అధికారి రాసిస్తే తప్ప టెండరు వెయ్యనివ్వం అన్నారు. ఎవరు రాసిస్తారు? ఆ దిగుల్లో తిరుగుతూ ఒకరోజు సాంబారు ఒలికిన చొక్కా ఉతికించుకుందామని షెడ్డుకు వచ్చాడు. నూకరత్నం చొక్కా ఇచ్చి, చీటీ మీద ఆయన పేరు రాసి, ముద్ర వేసి ఇచ్చింది. సుబ్బారాయుడు చీటీని ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నూకరత్నంగారూ," అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆవిడను "ఏమే" అనేవాడు.

చొక్కా అక్కడే వదిలేసి చీటీ పట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు దాన్ని టెండరు కాగితాలకు జతచేశాడు. అవతలి ఆఫీసువాళ్ళు గుండ్రటి గుర్తు చూశారు, "క్షుణ్ణముగా" అన్న మాట చూశారు, "ఎట్టి మచ్చలు లేవని" అన్నది చూశారు. అంత స్పష్టంగా ఏ పోలీసు అధికారీ ఏనాడూ రాసివ్వలేదు. టెండరు ఆమోదించారు.

ఆ మర్నాడు షెడ్డు ముందు వరస ఆసుపత్రి గేటు దాటి పోయింది. దొంగ సంతకాల్లో ఇరుక్కున్న గ్రామాధికారి వచ్చాడు. తూకంలో పట్టుబడ్డ చౌకడిపో డీలరు వచ్చాడు. విచారణలో ఉన్నవాళ్ళు, విచారణ చేస్తున్నవాళ్ళు ఒకే వరసలో నిలబడి కుశల ప్రశ్నలు వేసుకున్నారు. అందరి చేతుల్లోనూ తెల్ల చొక్కాలే. కొన్నిటికి ఇంకా కొట్టువాడి గుండుసూదులు ఉన్నాయి. ఎందుకొచ్చిన ఇబ్బంది, మాసిన చొక్కా తెస్తే మచ్చ మిగిలిపోతేనో?

నూకరత్నానికి తల ప్రాణం తోకకు వచ్చింది. పరుగున ఆఫీసుకు వెళ్ళి, "ఇదేదో పొరపాటు జరిగిపోతందండి, ఆళ్ళు బట్టలకని కాదు, ఆళ్ళకే రాయించుకుంటన్నారండి," అని మొత్తుకుంది.

కమిషనరుగారు అప్పుడే ఆదాయం పట్టిక చూస్తున్నారు. వస్త్ర ప్రక్షాళన కేంద్రం ఊరగాయలను దాటి, కల్యాణ మండపాన్ని దాటి, పట్టిక నెత్తికెక్కి కూర్చుంది.

"పొరపాటు అనేది ఆదాయం రానప్పుడు వాడవలసిన మాట," అన్నారాయన. "దీన్ని మచ్చరహిత ధ్రువీకరణ సేవ అంటారు. త్రయంబకంగారూ, దీనికి రెండు శ్రేణులు పెట్టండి. సాధారణం, తత్కాల్."

ఇక ఊరు ఆగలేదు. ఇల్లు అద్దెకివ్వాలంటే మచ్చరహిత పత్రం అడిగారు. కొళాయి కావాలంటే అడిగారు. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయిని అమ్మాయి తరఫువాళ్ళు కాఫీ ఇవ్వకముందే అడిగారు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు మాత్రం ఒక చిక్కు తెచ్చిపెట్టాడు. పదో తరగతి దరఖాస్తులో ప్రతి విద్యార్థికీ రెండేసి పుట్టుమచ్చలు చూపించాలని విద్యాశాఖ నిబంధన. అదే విద్యార్థికి ఎట్టి మచ్చలూ లేవని పురపాలక సంఘం రాసిస్తోంది. ఏది నమ్మాలి? దీని మీద కమిషనరుగారు రెండు రోజులు తలుపులేసుకుని ఆలోచించి వివరణ జారీ చేశారు. మచ్చలు రెండు విధములు. పుట్టుకతో వచ్చినవి విద్యాశాఖ పరిధిలోకి వచ్చును. పుట్టిన తరువాత వచ్చినవి పురపాలక పరిధిలోకి వచ్చును. ఒక శాఖ మచ్చలలో మరొక శాఖ జోక్యము చేసుకొనరాదు.

అంతా బాగానే ఉంది గానీ, వారం వారం పైకి పంపే నివేదికలో మచ్చరహిత శాతం అని ఒక గడి ఉంది. అది నూటికి నూరు రావడం లేదు. ఎందుకు రావడం లేదని ఆరా తీస్తే, బాలింతల గుడ్డలని తేలింది. వాటి మీద పసుపు చారలు, మందుల మరకలు ఎంత ఉతికినా లీలగా మిగిలేవి. నూకరత్నం ఉన్నది ఉన్నట్టు "మచ్చ ఉంది" అని రాసేది.

షెడ్డుకు కొత్త బోర్డు వచ్చింది. "ఇచ్చట మాసిన బట్టలు ఉతకబడవు."

ఆ బోర్డు కింద నిలబడి నూకరత్నం అడిగింది. "బాబూ, మాసినయ్యి కాకపోతే ఉతకడం ఎందుకండి?"

"నువ్వింకా పాత ఆలోచనల్లోనే ఉన్నావమ్మా," అన్నారు కమిషనరుగారు, జాలిగా. "కేంద్రంలోకి మురికి వస్తోందంటే ఊళ్ళో మురికి ఉందని అర్థం. అది మన పనితీరుకే మచ్చ. రాకపోతే లేనట్టే కదా?"

"ఆసుపత్రి ఆడాళ్ళు ఎక్కడికెళ్తారండీ?"

"వారికి మినహాయింపు ఉంది," అన్నాడు త్రయంబకం. "మాసిన బట్టల యజమాని తన మచ్చరహిత ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు చేసుకుంటే అనుమతి పరిశీలిస్తాం."

ఆ రోజు నూకరత్నానికి కోపం వచ్చింది. ఎదుటి వరండాలో ఆడవాళ్ళు పొత్తిగుడ్డలు కిటికీ ఊచలకు కట్టి ఊదుతున్నారు. ఇవతల మూడు యంత్రాలూ మడత నలగని చొక్కాలను తిప్పుతున్నాయి. ఆవిడే పోరి పెట్టించిన యంత్రాలు. కానీ తాత్కాలిక ఉద్యోగి కోపం కూడా తాత్కాలికంగానే ఉండాలి. మింగేసి ముద్రలు వేసుకుంది.

ముసురు పట్టిన నాలుగో రోజున సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఆసుపత్రిలోనే. నూకరత్నం మనవరాలిని ఎత్తుకుని ఒళ్ళంతా తడిమి చూసుకుంది. నల్లటి జుట్టు, పిడికెడు మొహం, ఎడమ అరికాల్లో ఆవగింజంత పుట్టుమచ్చ. అదృష్టవంతురాలంది వియ్యపురాలు బుల్లెమ్మ. అయిదో రోజుకల్లా అదృష్టవంతురాలి తొడలు ఎర్రగా కందిపోయాయి. ఎనిమిదో రోజుకు పొక్కులు లేచాయి.

"గుడ్డలు ఆరట్లేదు వదినా," అంది బుల్లెమ్మ. "చెమ్మవే చుడతన్నాం. పిల్ల గుక్క పట్టి ఏడుత్తాంది. నీ చేతిలో మిషన్లున్నాయి కదా, ఒక్కసారి తిప్పవా?"

ఆ ఏడుపు నూకరత్నానికి కొత్త కాదు. అదే ఏడుపు. అప్పుడు సత్యవేణి ఏడ్చింది, ఇప్పుడు దాని పిల్ల ఏడుస్తోంది. ఆవిడ దరఖాస్తు పట్టుకుని త్రయంబకం దగ్గరికి వెళ్ళింది.

"బట్టల యజమాని ఎవరు?"

"మా మనవరాలండి."

"పేరు?"

"ఇంకా పెట్టలేదండి. తొమ్మిదో రోజండి ఇవాళ్టికి."

"పేరు లేని వ్యక్తిని పై వ్యక్తి అని ఎలా అంటామమ్మా? పైన ఏముండాలి? సరే, అది అలా ఉంచు. మచ్చలేమైనా ఉన్నాయా?"

"అరికాల్లో పుట్టుమచ్చ ఉందండి."

త్రయంబకం దరఖాస్తు వెనక్కి ఇచ్చేశాడు. "అది విద్యాశాఖ పరిధి. పిల్లను బళ్ళో వేశాక రా."

సరిగ్గా ఆ మర్నాడే మహోత్సవం. రేవుపాలెంలో పెద్దమనుషులందరికీ పత్రాలు అందడంతో దాన్ని మచ్చలేని పట్టణంగా ప్రకటించాలని తీర్మానం అయింది. చైర్మన్‌గారు తమ జరీ అంచు తెల్ల పంచెను ప్రజల సమక్షంలో రెండో నంబరు యంత్రంలో వేస్తారు. అది తిరిగి బయటికి రాగానే ధ్రువపత్రం అందుకుంటారు. సమయం కలిసివస్తుందని త్రయంబకం ఆ పత్రాన్ని ముందే రాసి, ముద్ర వేసి, కమిషనరుగారి సంతకం చేయించి, అద్దాల పటం కట్టించి ఉంచాడు.

పొద్దున్నే యంత్రాలు తుడవడానికి నూకరత్నం షెడ్డు తలుపు తీసేసరికి బుల్లెమ్మ మూటతో నిలబడి ఉంది. ఒకటో యంత్రానికీ మూడో యంత్రానికీ అప్పటికే బంతిపూల దండలు వేసి, పట్టు గుడ్డలు కప్పేశారు. రెండోది ఒక్కటే ఉంది. నూకరత్నం వీధి అటూ ఇటూ చూసింది. ఎదుటి కిటికీలోంచి పిల్ల ఏడుపు సన్నగా వస్తోంది.

"పోతే ఉద్యోగం పోద్ది," అంది. ఎవరితోనో కాదు, తనతోనే. మూట మూటగానే యంత్రంలో పడేసి మీట నొక్కింది.

గుడ్డలు వెచ్చగా బయటికొచ్చాయి. అక్కడక్కడ బూడిదరంగు తిరిగినట్టనిపించింది గానీ ముసురు వెలుతురేమో అనుకుంది. బుల్లెమ్మ వాటిని గుండెకు హత్తుకుని పరుగెత్తింది. కాసేపటికి ఎదుటి కిటికీలో ఏడుపు ఆగిపోయింది. నూకరత్నం అక్కడే మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

సన్నాయి మేళంతో చైర్మన్‌గారు వచ్చారు. కమిషనరుగారు మాట్లాడుతూ, నీటితో ఉతికేది వస్త్రమనీ, నిబంధనతో ఉతికేది వ్యవస్థ అనీ సెలవిచ్చారు. చప్పట్లు కొట్టారు. సుబ్బారాయుడు అందరికన్నా గట్టిగా కొట్టాడు. చైర్మన్‌గారు పంచెను రెండు చేతులతో ఎత్తి జనానికి చూపించి, యంత్రంలో వేసి, మీట నొక్కారు. జనమంతా గాజు తలుపు వైపు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పంచె గుండ్రంగా తిరుగుతోంది.

అప్పుడు బుల్లెమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి నూకరత్నం చెవిలో అంది. "వదినా, గుడ్డ కొసన ముడేసి కాటుక భరిణె కట్టానే, తియ్యడం మర్చిపోయాను. ఉత్త భరిణె దొరికింది, మూత లేదు, లోపల కాటుక లేదు."

దిష్టిచుక్కకని బుల్లెమ్మ ఆముదం దీపాన పట్టిన కాటుక. ముద్దకు ముద్ద. గుడ్డల్లో లేదంటే, భరిణెలో లేదంటే, ఇక ఉండేది ఒక్కటే చోటు. గాజు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మడతలో. ఆవిడ యంత్రం వైపు చూసింది. పంచె తిరుగుతూనే ఉంది.

యంత్రం ఆగింది. త్రయంబకం తలుపు తీసి, పంచెను గౌరవంగా బయటికి లాగి, ఇద్దరు బంట్రోతుల చేత రెండు కొసలూ పట్టించి విప్పించాడు. సరిగ్గా మధ్యలో అప్పడమంత నల్లటి మచ్చ.

సన్నాయి ఆగిపోయింది. ఫోటోలు తీసేవాడు కెమెరా దించేశాడు. చైర్మన్‌గారు మచ్చ వైపు చూసి, కమిషనరుగారి వైపు చూసి, మళ్ళీ మచ్చ వైపు చూశారు.

నూకరత్నం ముందుకు వచ్చింది. "తప్పు నాదేనండి. పొద్దున్న మా పిల్ల గుడ్డలు ఉతికానండి. అది..."

"నువ్వు ఊరుకోమ్మా!" అని గద్దించాడు త్రయంబకం. ఆయనకు చెమటలు పడుతున్నాయి. చేతిలో అద్దాల పటం ఉంది. అందులో సంతకం ఆరి ఉంది. "ధ్రువపత్రం ఇప్పటికే జారీ అయింది. ఎట్టి మచ్చలు లేవని అందులో స్పష్టంగా ఉంది. జారీ అయిన పత్రం తప్పు కావడానికి నిబంధనల్లో అవకాశం లేదు. కాబట్టి ఇది మచ్చ కాదు."

"మరేంటయ్యా ఇది?" అన్నారు చైర్మన్‌గారు.

త్రయంబకం ఫైలు తిప్పాడు. ఫైల్లో లేదు. బుల్లెమ్మ ఇక ఉండబట్టలేక చేతులు జోడించి, "మా మనవరాలి దిష్టిచుక్క కాటుకండి బాబూ అది," అనేసింది.

త్రయంబకానికి అందులో ఒక్క మాటే వినపడింది.

"దిష్టిచుక్క!" అని అరిచాడు. "అయ్యా, ఇది దిష్టిచుక్క! ఇంత స్వచ్ఛమైన నాయకుడికి ఊరి కళ్ళు తగులుతాయని యంత్రమే పెట్టింది!"

సుబ్బారాయుడు చప్పట్లు మొదలుపెట్టాడు. సన్నాయి అందుకుంది. చైర్మన్‌గారు పంచెను కళ్ళకద్దుకున్నారు, కళ్ళ దగ్గర కాస్త కాటుక అంటుకుంది. కమిషనరుగారు ఊపిరి పీల్చుకున్నారు.

"బాబూ, అది మా పిల్ల కాటుకండి, రబ్బరు మడతలో..." అని నూకరత్నం ఇంకోసారి నిజం చెప్పబోయింది.

"చైర్మన్‌గారి దిష్టిచుక్కను మీ ఇంటి సంగతి చెయ్యకమ్మా," అన్నారు కమిషనరుగారు, మందలిస్తున్నట్టు. "అందరికీ కావాలనే ఉంటుంది."

అన్నట్టే అందరికీ కావాలనిపించింది. మర్నాటినుంచి చుక్క లేని పత్రాన్ని ఏ ఆఫీసూ ముట్టుకోలేదు. చుక్క లేదంటే దిష్టి తగిలేంత స్వచ్ఛత లేదని అర్థం కదా. మచ్చరహిత ధ్రువపత్రం చెల్లుబాటు కావాలంటే ఒక మచ్చ తప్పనిసరి అని ఉత్తర్వు వచ్చింది. గుమస్తాకు ఒక రంగు, అధికారికి ఒక పరిమాణం. కాటుక సరఫరా టెండరు సుబ్బారాయుడికి దక్కింది. మచ్చలేని మనిషి. చుక్క పెట్టడానికి నీళ్ళు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, ఒక బల్లా ఒక బంట్రోతూ చాలు. కాబట్టి మచ్చరహిత సేవ మొత్తం కల్యాణ మండపానికి తరలిపోయింది. బరువు యంత్రం కూడా వెళ్ళింది. రేకుల షెడ్డులో మూడు యంత్రాలు, నూకరత్నం, వాడిపోయిన బంతిపూలు మిగిలాయి.

పనిలేని సదుపాయం ఊరికే ఉండడం అనుబంధ ఆదాయ ఉత్తర్వుకు విరుద్ధం. పైనుంచి సంజాయిషీ అడిగారు. పాలకవర్గం అత్యవసరంగా సమావేశమై చాలాసేపు తలలు పట్టుకుంది. ఒకరు యంత్రాల్లో వెన్న తీయొచ్చన్నారు. ఒకరు గుండ్రంగా తిరుగుతాయి కనక పిల్లలకు వినోదమన్నారు. చివరికి కమిషనరుగారే, శిక్షణలో నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుని, ఎవరికీ తట్టని ఆలోచన చెప్పారు. త్రయంబకం ఆ తీర్మానాన్ని తెచ్చి షెడ్డులో నిలబడి చదివాడు.

"వస్త్ర ప్రక్షాళన కేంద్రము నందు ఖాళీగా నున్న యంత్రములను, ప్రధాన సేవకు భంగము కలుగకుండ, అదనపు ఆదాయము నిమిత్తము, అనుబంధ సేవగా, ప్రయోగాత్మకముగా, మాసిన బట్టలు ఉతుకుటకు వినియోగించవచ్చునని తీర్మానించడమైనది."

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. నవ్వుతున్నాడేమోనని. నవ్వడం లేదు.

"చాలా వినూత్నమైన ఆలోచన," అన్నాడు త్రయంబకం. "ఇక్కడ ఫలితం చూసి రాష్ట్రమంతా పెడతారట."

ఆవిడ బోర్డు పీకి సోడా ఫ్యాక్టరీ గోడకి చేరేసింది. రోడ్డు దాటి ఆసుపత్రి వరండా దాకా వెళ్ళి, కొంగు నడుముకు దోపుకుని కేకేసింది. "మూటలు తెండమ్మా!"

మధ్యాహ్నానికి షెడ్డు నిండిపోయింది. గోడకి జారబడి అమ్మలూ అత్తలూ కునుకు తీస్తున్నారు. బుల్లెమ్మ మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల తొడల మీద పొక్కులు ఎండి రాలిపోతున్నాయి. బుగ్గ మీద కొత్త దిష్టిచుక్క, పక్కన మూత బిగించిన భరిణె.

"అనుబంధ సేవకైనా చీటీ తప్పదమ్మా," అన్నాడు త్రయంబకం, ముద్ర ముందుకు తోస్తూ. "ఉతికిన ప్రతి బట్టకూ."

నూకరత్నం మనవరాలి గుడ్డ వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ రోజు కాటుక మరక ఇంకా ఉంది. ఎన్నిసార్లు తిప్పినా పోలేదు, చిటికెనవేలంత నీడలా మిగిలిపోయింది. ఆవిడ ముద్రను పక్కకు నెట్టి, పెన్ను తీసుకుని, చీటీ మీద పై వ్యక్తి అన్నచోట నిన్ననే పెట్టిన పేరు రాసింది. దాని కింద, పెద్ద అక్షరాలతో, "ఉంది" అని రాసింది.